ఆంక్షలకు కొలబద్ద ఏది? కృష్ణా డెల్టా నుంచి ఒక లెక్క

2020 మార్చి 24 రాత్రి దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటించేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన కోవిడ్ కేసులు పది లోపే. అయినా మర్నాటికి బందరు బస్టాండు, గుడివాడ రైల్వేస్టేషను, అవనిగడ్డ సెంటరు ఒక్కలాగే బోసిపోయాయి. జూలై నెలాఖరుకు రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు దాటాయి. అప్పటికి ఆర్టీసీ బస్సులు తిరుగుతున్నాయి, కొట్లు తెరిచే ఉన్నాయి. అంటే వైరస్ జాడ దాదాపు లేనప్పుడు ఆంక్షలు పతాక స్థాయిలో ఉన్నాయి, వైరస్ ఊరూరా తిరుగుతున్నప్పుడు సడలిపోయాయి. వివిధ దేశాల ఆంక్షలను సున్నా నుంచి నూరు దాకా కొలిచే సూచీ ఒకటి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తయారుచేసింది. ఆ మార్చి చివర్లో భారతదేశానికి అందులో నూటికి నూరు వచ్చాయి. ఆ నూరు మార్కులు ఉత్తర్వుల కఠినత్వానికి వచ్చినవే. ఏ ఉత్తర్వు ఏ ఊళ్లో ఏ పనికొచ్చిందో ఆ సూచీ చెప్పదు. కఠినంగా ఉన్న దేశాలు గెలిచాయా, ఉదారంగా ఉన్నవి గెలిచాయా అనే వాదన ఏళ్లు గడిచినా తెగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. కఠినత్వం ఒక్కటే కొలిస్తే ఫలితం అర్థం కాదు. ఆంక్ష ఎప్పుడు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఎంతకాలం ఉంచారు, ఆ ఖర్చు ఎవరు మోశారు అన్న నాలుగు ప్రశ్నలు వేసి చూస్తే ప్రపంచపు లెక్కలూ, కృష్ణా డెల్టా లెక్కలూ ఒకే దారిలోకి వస్తాయి.

ముందు ఫలితాన్ని దేనితో కొలవాలో తేల్చుకోవాలి. కేసుల సంఖ్య నమ్మదగిన కొలత కాదు. ఎక్కువ పరీక్షలు చేసిన చోట ఎక్కువ కేసులు దొరుకుతాయి. 2020 ఆగస్టులో అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లాలో రక్త నమూనాలు తీసి సీరో సర్వే చేస్తే, దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి అప్పటికే వైరస్ సోకి పోయినట్టు ప్రతిరక్షకాలు కనిపించాయి. నమోదైన కేసులు వేలల్లో ఉన్నప్పుడు అంటినవారు లక్షల్లో ఉన్నారన్నమాట. ధ్రువీకరించిన మరణాలదీ అదే ఇబ్బంది. పరీక్ష చేయకుండా ఇంట్లో పోయినవారు ఆ పట్టికలోకి రారు. అందుకే శాస్త్రజ్ఞులు అదనపు మరణాలను చూస్తారు. మామూలు సంవత్సరాల్లో ఆ కాలంలో ఎందరు చనిపోతారో, మహమ్మారి కాలంలో అంతకంటే ఎందరు ఎక్కువ పోయారో లెక్కగట్టడమే ఆ పద్ధతి. 2020, 2021 సంవత్సరాలకు భారతదేశంలో ఈ అదనం 47 లక్షల దాకా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. కేంద్ర ప్రభుత్వం ఆ లెక్కనూ, లెక్కగట్టిన తీరునూ తోసిపుచ్చింది. ఏ పక్షం తీసుకున్నా ఒక మాట మిగులుతుంది: సూచీలో నూటికి నూరు తెచ్చుకున్న దేశం 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు తీసింది.

ఉదారవాదానికి అందరూ చూపే ఉదాహరణ స్వీడన్. అక్కడి అంటువ్యాధుల నిపుణుడు ఆండర్స్ టెగ్నెల్ సలహా మీద ఆ దేశం జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టలేదు, ప్రాథమిక పాఠశాలలు మూయలేదు. కానీ ఏమీ చేయలేదనుకుంటే పొరపాటు. 2020 మార్చిలోనే యాభై మందికి మించిన సభలను నిషేధించారు, పై తరగతులకు దూరవిద్య పెట్టారు, ఏప్రిల్ మొదట్లో వృద్ధాశ్రమాలకు బయటివారి రాకను ఆపారు. ఒంట్లో బాగోలేదని పనికి రాకపోతే మొదటి రోజు జీతంలో పడే కోతను ఎత్తేశారు. అయినా 2020 చివరికి స్వీడన్‌లో కోవిడ్ మరణాలు తొమ్మిదివేలు దాటితే, సగం జనాభా ఉన్న పొరుగు నార్వేలో అయిదువందలు కూడా కాలేదు. మూడేళ్లు కలిపి అదనపు మరణాలు చూస్తే మాత్రం యూరప్‌లో అతి తక్కువ నమోదైన దేశాల్లో స్వీడన్ ఒకటి. రెండు వాదాల వాళ్లూ తమకు కావలసిన సంవత్సరాన్ని ఎంచుకుని స్వీడన్‌ను సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఆ దేశమే వేసుకున్న విచారణ కమిషన్ 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ఈ ఇద్దరికంటే నిక్కచ్చిగా ఉంది. జనాన్ని బలవంతంగా నిర్బంధించకపోవడం సబబే, కానీ మొదటి వారాల్లో తీసుకున్న చర్యలు ఆలస్యంగానూ, అరకొరగానూ ఉన్నాయి అని అది తేల్చింది. లోపం ఉదారతలో కంటే తొలి వారాల తాత్సారంలో ఉందని దాని సారాంశం.

కఠినత్వం వైపు చూస్తే రెండు దేశాలు పక్కపక్కన నిలబడతాయి. న్యూజిలాండ్ 2020 మార్చి 25 అర్ధరాత్రికి తలుపులు మూసింది. మన దేశానికీ దానికీ ఒక్క రోజే తేడా, రెండు చోట్లా కేసులు వందల్లోనే ఉన్నాయి. అక్కడ రెండు రోజుల ముందే చెప్పారు, ఇక్కడ ప్రకటనకూ అమలుకూ మధ్య నాలుగు గంటలున్నాయి. జూన్ 8న న్యూజిలాండ్ తమ దేశంలో చికిత్సలో ఉన్న కేసు ఒక్కటీ లేదని ప్రకటించి ఆంక్షలు దాదాపు అన్నీ ఎత్తేసింది. అదే జూన్ 8న మన దేశంలో గుళ్లు, హోటళ్లు, మాల్స్ తెరుచుకున్నాయి, అప్పటికి కేసులు రెండున్నర లక్షలు. కఠినత్వం ఒకటే అయినా ఫలితం ఎందుకు ఇంత వేరు? అయిదు మిలియన్ల జనాభా, చుట్టూ సముద్రం, పని ఆగినవారికి పన్నెండు వారాల పాటు సర్కారు జీతం న్యూజిలాండ్‌కు ఉన్న ఆస్తులు. అవి లేని చోట ఏమవుతుందో పెరూ చూపించింది. 2020 మార్చి నడుమనే, లాటిన్ అమెరికాలో అందరికంటే ముందుగా కఠిన లాక్‌డౌన్ పెట్టిన దేశాల్లో ఒకటైన పెరూలోనే, జనాభాతో పోల్చితే ప్రపంచంలో అత్యధిక మరణాలు సంభవించాయి. పనిచేసేవారిలో మూడింట రెండు వంతులకు పైగా రోజు కూలీలు, చిరువ్యాపారుల వంటి అసంఘటిత పనివారు. దాదాపు సగం ఇళ్లలో ఫ్రిజ్ లేదు, కాబట్టి సంతకు తరచుగా పోవాల్సిందే. సాయం డబ్బు తీసుకోవడానికి బ్యాంకుల ముందు వరసలు కట్టాల్సిందే. కాగితం మీద దేశం మూతపడింది, సంతలోనూ బ్యాంకు వసారాలోనూ వైరస్‌కు విందు దొరికింది. బందరు రోల్డ్‌గోల్డ్ పనివారి బతుకూ, పెడన కలంకారీ అద్దకందారు బతుకూ న్యూజిలాండ్ ఉద్యోగి కంటే పెరూ చిరువ్యాపారికే దగ్గర. పోలిక వెతుక్కునేటప్పుడు మన కళ్లు ముందు అటు తిరగాలి.

వైరస్ ఎక్కడ వ్యాపిస్తుందో చెప్పడానికి ప్రపంచంలోకెల్లా విలువైన సాక్ష్యాల్లో ఒకటి మన రాష్ట్రం నుంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది కాళ్లరిగేలా తిరిగి పోగుచేసిన కాంటాక్టుల వివరాలను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించి 2020లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. 84,965 మంది రోగులను, వారిని కలిసిన 5,75,071 మందిని ఆ అధ్యయనం పరిశీలించింది. రోగుల్లో 71 శాతం మంది నుంచి, పరీక్ష చేసిన కాంటాక్టుల్లో ఒక్కరికీ అంటలేదు. మరోవైపు, కొత్త కేసుల్లో దాదాపు 60 శాతం కేవలం 8 శాతం రోగుల నుంచి వచ్చాయి. ఇంట్లోవారికి అంటుకునే అవకాశం 9 శాతం ఉంటే, బయట సమాజంలో కలిసినవారికి 2.6 శాతమే. కానీ రోగి పక్కనే ఆరు గంటలకు పైగా ఒకే వాహనంలో ప్రయాణించిన 78 మందిని చూస్తే దాదాపు ఎనభై శాతానికి అంటింది. విజయవాడలో 2020 ఏప్రిల్‌లో జరిగినది ఈ అంకెలకు ప్రాణం పోస్తుంది. కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాట ఆడాడనీ, ఆడవాళ్లు గుంపుగా చేరి హౌసీ ఆడారనీ, ఆ ఒక్క చోటి నుంచే ఇరవై నాలుగు మందికి అంటిందనీ అప్పటి జిల్లా కలెక్టరు చెప్పారు. గమనించాల్సింది ఏమిటంటే, అప్పుడు నగరమంతా కఠిన లాక్‌డౌన్‌లో ఉంది. వీధి ఖాళీగా ఉంది, గది నిండుగా ఉంది. పోలీసు నిఘా వీధి మీద ఉంటే, వైరస్ గాలాడని గదిలో తన పని చేసుకుపోయింది.

జపాన్ ఈ విషయం మొదట్లోనే పసిగట్టింది. ఆ దేశపు చట్టంలో జనాన్ని ఇళ్లలో నిర్బంధించే అధికారమే లేదు. 2020 ఏప్రిల్‌లో ప్రకటించిన అత్యవసర స్థితి కూడా విజ్ఞప్తుల మీదే నడిచింది. కాకపోతే మూసిన గది, క్రిక్కిరిసిన జనం, ముఖాముఖి మాటలు అనే మూడింటినీ తప్పించుకోండని అందరి నోటా పలికించారు. ఒక రోగి దొరికితే అతను ఎవరికి అంటించాడన్న దానికంటే, అతనికి ఎక్కడ అంటిందో వెనక్కి వెతికారు. 8 శాతం మంది 60 శాతం కేసులకు కారణమయ్యే వ్యాధిలో అలా వెనక్కి వెతకడమే తెలివైన పని, ఎందుకంటే ఆ వెతుకులాట గుంపు చేరిన చోటికి తీసుకెళుతుంది. ఇలాంటి ఆలోచన మన రాష్ట్రానికి తట్టలేదని కాదు. 2020 ఏప్రిల్ 11న ప్రధానితో జరిగిన సమావేశంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి, 676 మండలాల్లో 37 రెడ్ జోన్‌లోనూ 44 ఆరెంజ్ జోన్‌లోనూ ఉన్నాయనీ, మిగతా 595 మండలాల్లో కేసులు లేవనీ చెప్పి, ఆంక్షలను ఆ మండలాలకే పరిమితం చేయాలని కోరారు. కేంద్రం మే 1న జిల్లాలవారీగా రంగులు వేసినప్పుడు ఉమ్మడి కృష్ణా జిల్లా మొత్తం రెడ్ జోన్ అయింది. విజయవాడ కేసుల రంగు అదే జిల్లాలో దూరాన ఉన్న నాగాయలంక మీదా పడింది. వైద్యశాస్త్రం గదిని చూడమంటుంటే పాలనాయంత్రం జిల్లాను చూసింది.

ఆంక్ష ఎక్కడ అన్నది తప్పితే మేలు ఎలా కీడవుతుందో రైతుబజారు లెక్క ఒకటి వేసి చూడవచ్చు. ఒక రైతుబజారుకు రోజుకు 600 మంది వస్తారనీ, ఒక్కొక్కరు అరగంట ఉంటారనీ అనుకుందాం. బజారు పన్నెండు గంటలు తెరిచి ఉంటే ఏ క్షణాన చూసినా లోపల సగటున పాతిక మంది ఉంటారు. ఆ పాతిక మందిలో ఒకరికొకరు ఎదురయ్యే జతలు 300. అదే బజారును ఆరు గంటలకు కుదిస్తే లోపల యాభై మంది ఉంటారు, జతలు 1,225 అవుతాయి. సమయం సగమైంది కాబట్టి రోజు మొత్తానికి చూసినా మనుషుల మధ్య ఎదురుపడటం రెట్టింపవుతుంది. బజారుకు వచ్చేవారు దాదాపు ముప్పై శాతం తగ్గితే తప్ప కుదింపు వల్ల నష్టమే. 2020 మార్చి చివర పట్టణాల్లో సరుకులు కొనుక్కునే వేళను ఉదయం 6 నుంచి 11 గంటల వరకే ఉంచారు. 2021 మే 5 నుంచి పెట్టిన కర్ఫ్యూలో మధ్యాహ్నం 12 దాకా మినహాయింపు ఇచ్చారు. ఈ వేళల కుదింపుకు విరుగుడు కూడా అదే ప్రభుత్వం చేసింది. రైతుబజార్లను విడదీసి మైదానాల్లోకి, బడుల ఆవరణల్లోకి తరలించింది. ఎండా గాలీ తగిలే చోట దూరదూరంగా కూరగాయలు అమ్మించడం పెద్ద కఠిన చర్యగా ఏ సూచీలోనూ కనిపించదు, కానీ వ్యాప్తి శాస్త్రం ప్రకారం అది గడియారం చూసి వేళలు కుదించడం కంటే మేలైన పని.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. 2020లో లాక్‌డౌన్ లేకపోతే ఏప్రిల్‌లోనే ఉప్పెన వచ్చి పడేది, అప్పటికి వైద్యులకు తొడుగులు లేవు, పరీక్షలు చేసే ల్యాబులు బహు కొద్ది అని. ఇది నిజం. ఆ వారాలు వృథా కాలేదు. ల్యాబులు పెరిగాయి, నవంబరు చివరికి రాష్ట్రం కోటి పరీక్షలు పూర్తిచేసింది, జూలై 1న 1,088 కొత్త 108, 104 వాహనాలు రోడ్డెక్కాయి, యాభై ఇళ్లకొకరున్న వలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క రాశారు. అంటే లాక్‌డౌన్ చేసిన పని వైరస్‌ను ఆపడం కంటే వాయిదా వేయడం. వాయిదాకు విలువ ఉంది, ఆ కాలాన్ని దేనికి వాడుకున్నామన్నదే ప్రశ్న. 2020లో సంపాదించిన వ్యవధిని 2021 డెల్టా రకం వచ్చేనాటికి ఖర్చు చేసేశాం. 2021 మే నెలలో రాష్ట్రంలో నమోదైన మరణాలు మామూలు మే నెలలతో పోల్చితే కొన్ని రెట్లు పెరిగాయి. ఆ నెల నడుమన రోజుకు ఇరవై నాలుగు వేల కేసుల దాకా వెళ్లి తగ్గుముఖం పట్టాయి, కాబట్టి కర్ఫ్యూ పనిచేసిందనే వారున్నారు. కొంత చేసే ఉంటుంది. అయితే వేర్వేరు తేదీల్లో, వేర్వేరు తీరుల్లో ఆంక్షలు పెట్టిన చాలా రాష్ట్రాల్లో ఆ నెలలోనే తగ్గుదల మొదలైంది. భయంతో జనం తమంతట తాము గడప దాటకపోవడం, అప్పటికే చాలామందికి సోకి పోవడం కూడా ఆ తగ్గుదలలో ఉన్నాయి. అమెరికాలో గూల్స్‌బీ, సివర్సన్ అనే ఆర్థికవేత్తలు సెల్‌ఫోన్ల కదలిక ఆధారంగా చూస్తే, దుకాణాలకు జనం రాక 60 శాతం పడిపోయింది, ఆ 60లో ప్రభుత్వ ఉత్తర్వు వల్ల తగ్గింది 7 మాత్రమే. మిగిలింది జనం సొంత నిర్ణయం. అక్కడి ఉద్యోగికి ఆ నిర్ణయం తీసుకునే వెసులుబాటు ఉంది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుంటే గానీ పొయ్యి వెలగని మనిషికి అది ఎవరైనా కల్పించాలి.

దివిసీమనే న్యూజిలాండ్‌లా చేయవచ్చు కదా అని కూడా అడగవచ్చు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై చీలి దాన్ని దీవిలా చుట్టుకుంది, రెండో వైపు సముద్రం. వంతెనలకు కాపలా పెడితే సరిపోదా? పటంలో బాగానే ఉంటుంది. కానీ పాలు, ధాన్యం, వరికోత యంత్రాలు, చెరువు రొయ్య, డయాలసిస్ రోగి, కాన్పుకు వెళ్లే ఆడకూతురు, అందరూ ఆ వంతెనల మీదుగానే బందరుకో బెజవాడకో పోవాలి. 2020లో పంటు తప్ప వేరే దారి లేని ఎదురుమొండి దీవులకు కూడా సరుకూ వైద్యమూ అవతలి గట్టు నుంచే రావాలి. చుట్టూ నీరున్నంత మాత్రాన ఒక చోటు స్వయంపోషకం కాదు. న్యూజిలాండ్‌ను కాపాడింది సముద్రం ఒక్కటే అనుకుంటే, లోపల కూర్చున్నవారికి అందిన జీతాన్ని మరిచిపోయినట్టే.

మరో అభ్యంతరం ఈ నేల అనుభవం నుంచే వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మేలో అదే కృష్ణా ముఖద్వారాన అంతటి తుపానే తాకితే, లక్షల మందిని ముందే ఖాళీ చేయించడం వల్ల మరణాలు వెయ్యి లోపే ఆగాయి. గట్టిగా చెప్పి కదిలిస్తేనే కదా ప్రాణాలు దక్కాయి, మహమ్మారికీ అదే న్యాయం కదా అని. తుపాను ఆంక్ష రెండు మూడు రోజులది, ప్రమాదం ఫలానా తీరానికే, ముగింపు కళ్లెదుట కనిపిస్తుంది. నెలల తరబడి సాగే ఆంక్షకు సరైన నమూనా బందరు దగ్గరి గిలకలదిండి రేవులోనే ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమన్న కారణం అందరికీ తెలుసు, మొదలూ చివరా తేదీలు తెలుసు, నష్టపోయేది ఎవరో తెలుసు కాబట్టి 2020 నాటికి మత్స్యకార భరోసా కింద కుటుంబానికి పదివేల రూపాయలు ఇచ్చేవారు. 2020లో లాక్‌డౌన్‌తో బోట్లు ముందే ఒడ్డున నిలిచిపోయాయని నిషేధాన్ని మే 31కే ముగించారు. అంటే పరిస్థితిని బట్టి ఆంక్షను సవరించారు కూడా. దీని పక్కన లాక్‌డౌన్‌ను పెట్టి చూడండి. పేద కుటుంబానికి రేషన్ బియ్యం, కిలో కందిపప్పు, రాష్ట్రం ఇచ్చిన వెయ్యి రూపాయలు, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవారికి నెలకు అయిదువందల చొప్పున మూడు నెలలు. 21 రోజులని మొదలై మే 31 దాకా నాలుగు విడతలు సాగింది. చేప గుడ్డుకు ఇచ్చినంత స్పష్టత మనిషి కూలికి ఇవ్వలేదు.

ఖర్చు ఎవరు మోశారన్న ప్రశ్నకు అన్నిటికంటే బాధాకరమైన జవాబు బడిలో దొరుకుతుంది. 2020 మార్చిలో మూసిన ప్రాథమిక తరగతులు మన రాష్ట్రంలో 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. ఏప్రిల్‌లో మళ్లీ మూసి ఆగస్టు 16న తెరిచారు. ఆ మధ్యలో తెరిచి ఉన్న ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతలుగా, బందరు నగరపాలక సంస్థతో సహా మునిసిపల్ ఎన్నికలు మార్చి 10న జరిగాయి. పెద్దల గుంపులు తొందరగా సాధారణమయ్యాయి, పిల్లల బడి చివరికి మిగిలింది. వ్యాధి వల్ల ప్రాణాపాయం వయసుతో పాటు వేగంగా పెరుగుతుందని, పిల్లలకు అతి తక్కువని 2020 నడుమకే తెలిసిపోయినా ఈ వరస మారలేదు. దీని ఫలితం పిల్లల చదువు స్థాయిని కొలిచే 2022 అసర్ నివేదికలో ఉంది. రాష్ట్రంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. ప్రాథమిక బడిని మూయని స్వీడన్ దగ్గర మనం నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ఇదే. ఇరుకు తరగతి గదుల్లో అది సాధ్యమా అంటే, చెట్ల కిందా, వరండాల్లోనూ, పూటకు సగం మందితోనూ సాధ్యమయ్యేది. రైతుబజారును మైదానంలోకి తెచ్చిన ఆలోచనను బడికి పొడిగించలేదు.

కాబట్టి ఈసారి అలాంటి ముప్పు వస్తే డెల్టాకు కావలసింది స్వీడన్ దారీ కాదు, న్యూజిలాండ్ దారీ కాదు. మొదటి రెండు మూడు వారాలు వేగంగా, గట్టిగా కదలాలి, ఎందుకంటే అప్పటికి ఏమీ తెలియదు, ఒక్కో రోజు ఆలస్యానికి వడ్డీ పెరుగుతుంది. ఆ వ్యవధిలో కాంటాక్టుల వివరాలు చూసి వైరస్ ఏ గదుల్లో పాకుతోందో పట్టుకుని, ఆంక్షను జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి పెళ్లిమండపానికి, ఏసీ హాలుకు, కిక్కిరిసిన బస్సుకు కుదించాలి. పని ఆపమన్న ప్రతి ఉత్తర్వులోనూ చివరి తేదీ, ఇచ్చే సొమ్ము వేట నిషేధం లాగే రాసి ఉండాలి. బడి అన్నిటికంటే చివర మూసి, అన్నిటికంటే ముందు తెరవాలి. ఇవన్నీ సరిగా జరుగుతున్నాయో లేదో తెలియాలంటే మామూలు కాలంలోనే చేసిపెట్టుకోవలసిన పని ఒకటుంది: ప్రతి మండలంలో జనన మరణాల నమోదు వారం వారం బయట పెట్టడం. బందరులో ఈ వారం ఎందరు పోయారో, గుడివాడలో మామూలు కంటే ఎక్కువ పోయారో లేదో తెలిసినప్పుడే ఆంక్ష బిగించాలో వదలాలో తేల్చగలం. ఆ లెక్క చేతిలో లేకపోతే మళ్లీ ఏ దేశం గొప్పదని వాదించుకోవడమే మిగులుతుంది.